అక్క మీద పంతంతో లేచిన మోకాళ్లు

2022లో లక్సెట్టిపేటలో ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టిన కొత్తలో ఇద్దరు అక్కచెల్లెళ్లు వచ్చారు. చెల్లెలు రాజవ్వకు అరవై దాటాయి, ఊళ్లోనే బీడీలు చుడుతుంది. డెబ్బై దాటిన అక్క మల్లవ్వ జైనూర్ దగ్గర గుట్టల్లో వ్యవసాయం చేస్తుంది. అక్క భుజం పట్టుకుని నడుస్తోంది చెల్లెలు.

రాజవ్వది ఆస్టియో ఆర్థరైటిస్, అంటే మోకీళ్ల అరుగుదల. సిట్ టు స్టాండ్ చేయించాను. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేవడమన్నమాట. లేవలేకపోయింది. నేల మీద గొంతుకూర్చున్న మల్లవ్వ మాత్రం పిలవగానే చటుక్కున లేచింది. నాకప్పటికి యాభై కూడా రాలేదు, కింద కూర్చుంటే గోడ పట్టుకుని లేస్తాను. నిజం చెప్పొద్దూ, ఆ ముసలామెను చూసి కుళ్లుకున్నాను.

రాజవ్వకు ఇంకా మంట. "ఒక్క కడుపుల పుట్టినం. దానికే గట్టి కాళ్లిచ్చిండా దేవుడు?" అంది. ఏటా బతుకమ్మ చుట్టూ అక్క వంగి చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, తను కుర్చీలో కూర్చుని చూస్తోందట. ఈసారి సద్దుల నాటికి, అంటే బతుకమ్మ చివరి రోజుకి, తనూ ఆడాలి. అదొక్కటే ఆమె కోరిక.

వ్యాయామాలు నేర్పాను. ఓసారి ఇంటికి వెళ్తే అసలు సంగతి తెలిసింది. పొద్దున ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుందంటే ఇక లేవదు. ఆకు, తంబాకు, దారం, ఫోను అన్నీ చేతికందే దూరంలోనే. నీళ్లు, చాయ్ కోడలు తెచ్చిస్తుంది. మల్లవ్వ ఊళ్లో అయితే నీళ్లకు దిగాలి, కట్టెలకు ఎక్కాలి. లేచి తెచ్చుకునేలా కొన్ని దూరంగా పెట్టుకొమ్మంటే రాజవ్వ వినలేదు.

కలుపు పనులయ్యాక మల్లవ్వ వచ్చి చెల్లెలి దగ్గర చాలా రోజులుంది. ఒకనాడు నా ముందే రాజవ్వ నీళ్లడిగింది. కోడలు ఇంట్లో లేదు. మల్లవ్వ ప్రేమగానే అంది: "నువ్వు కూసో చెల్లె, నీతోని కాదు. నేను తెస్త."

రాజవ్వ మొహం మాడిపోయింది. చాట పక్కన పెట్టి, "నాతోని ఎందుకు కాదక్కా? నా నీళ్లు నేనే ముంచుకుంట" అంటూ గోడ పట్టుకుని లేచింది. అప్పట్నుంచి అక్క దేనికి లేవబోయినా తనే ముందు లేచేది. వ్యాయామాలు కూడా అక్క చూస్తుండగానే చేసేది. అరిగిన కీలు మళ్లీ పెరగదు గానీ, తొడ కండరాలకు బలం వస్తే అవే ఒంటి బరువు మోస్తాయి. నేను మొత్తుకున్నా కానిది అక్క ఒక్క మాటతో అయింది. అందుకూ మల్లవ్వ మీద నాకు మండింది.

సద్దుల నాడు రాజవ్వ మెల్లగా, అక్క వెనకే తిరిగింది. నేను పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. నా ముందుకు రాగానే నవ్వింది.

"మేడం, గా కుర్చీ నాది. ఇగ నువ్వు కూసున్నవా?"

ముసలితనం ఎలా ఉంటుందన్నది మనం రోజంతా ఎలా గడుపుతామన్న దాని మీద కూడా ఉంటుందని అందరికీ చెప్పేదాన్ని. పండగయ్యాక క్లినిక్ తెరిచి, నా టేబుల్ మీది నీళ్ల సీసా తీసుకెళ్లి వెనక గదిలో పెట్టాను.