కేసు షీటులో ఒక మాట

మా హెడ్ సిస్టర్‌గారు పోయారు. తాడేపల్లిగూడెంలో నేను ఇప్పుడు పనిచేస్తున్న ఆసుపత్రిలో పొద్దుటి డ్యూటీకి ఎక్కి, డ్రెస్సింగ్ ట్రే సర్దుకుంటూ ఉంటే ఫోను వచ్చింది. చేసింది ఆవిడ తమ్ముడి భార్య. "ఏవండీ, మా వదినగారు వెళ్ళిపోయారండీ. తెల్లవారి కాఫీ పట్టుకెళ్ళి లేపితే లేవలేదు. నిద్రలోనే పోయారు," అంది. నాకు ముందు ఏడుపు రాలేదు, ఆశ్చర్యం వేసింది. అన్ని దెబ్బలు తిన్న మనిషి, అంత రక్తంలో చేతులు పెట్టిన మనిషి, చప్పుడు లేకుండా వెళ్ళిపోవడమేమిటి అనిపించింది.

ఆవిడ మీలో ఎవరికీ తెలిసి ఉండరు. ఏలూరు పక్కన, ఇప్పుడు మూతపడిన ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశారు. పెళ్ళి చేసుకోలేదు. ఎప్పుడూ బుగ్గన లవంగం ఉండేది. కోపం ఎక్కువ. ఉతికిన బ్యాండేజీ మడత సరిగ్గా పెట్టలేదని నన్ను ఒకసారి అందరి ముందూ లెంపకాయ కొట్టారు. సాయంత్రం పిలిచి, "కొట్టకూడదమ్మాయ్, తప్పు నాది," అన్నారు. మడత మాత్రం మళ్ళీ పెట్టించారు.

నేను అక్కడ నర్సుగా చేరిన మొదటి వారంలోనే పెదవేగి వైపు నుంచి ఒక మనిషిని ట్రాక్టరు తొట్టిలో తెచ్చారు. పామాయిల్ తోటలో గెలలు కోస్తూ ఉంటే అడవి పంది వచ్చి తొడ చీల్చేసింది. నేను తొట్టిలోకి చూసి వెనక్కి తగ్గాను. సిస్టర్‌గారు చీర ఎగ్గట్టి చక్రం మీద కాలు పెట్టి పైకెక్కారు. పిడికిలి గాయంలోకి దూర్చి, మోకాళ్ళ మీద కూర్చుని, అలా పట్టుకునే ఆపరేషన్ గది దాకా స్ట్రెచర్ మీద వచ్చారు. నొప్పికి ఆ మనిషి ఆవిడ జుట్టు గుప్పిట పట్టి గుంజేస్తున్నాడు. "గుంజుకో బాబూ, నీ ఇష్టం. చెయ్యి మాత్రం తియ్యను," అంటున్నారు. అతను బతికాడు.

ఆ రోజు కేసు షీటులో డాక్టరుగారు 'వైల్డ్ బోర్' అని రాశారు. నేను తెలుగు మీడియం దాన్ని. మొదటి మాటకు అర్థం అడిగితే ఆవిడ చెప్పలేదు. డ్యూటీ గదిలో అట్ట ఊడిన లావు నిఘంటువు ఒకటి ఉండేది. "చూసుకో. ఒక్క అర్థం చదివి మూసెయ్యకు," అన్నారు. అడవిది, మచ్చిక కానిది, ఎవరూ నాటకుండా మొలిచింది, సాగు చెయ్యని నేల, తుఫాను గాలి, పట్టరాని కోపం, పట్టరాని సంతోషం, గురి లేకుండా విసిరిన దెబ్బ, పిచ్చెత్తినది... చదువుతూ ఉంటే నాకు నవ్వొచ్చింది. "ఇన్నిటికీ ఒకటే మాటేంటండీ?" అన్నాను.

"మన తెలుగులో మాత్రం అలాంటి మాట లేదేంటి? గట్టు మీద దానంతటది మొలిస్తే పిచ్చి మొక్క అంటాం. అది చేసిన పిచ్చి పనేంటి? పందికి ఏ మాటైనా ఫర్వాలేదమ్మాయ్, అది కేసు షీటు చదవదు. మనిషి మీద రాసేటప్పుడే చూసుకోవాలి," అన్నారు.

ఆ మాట విలువ నాకు తెలిసింది ఆరేడు నెలల తరవాత, మంగ వచ్చినప్పుడు.

కొల్లేరు వైపు చేపల చెరువు గట్టు మీద కాపలా ఉండే కుటుంబం వాళ్ళది. మంగకి అప్పుడు ఇరవై దాటి ఉంటాయి. వల లాగే నీలం తాడుతో చేతులు వెనక్కి విరిచి కట్టి, మిట్టమధ్యాహ్నం ట్రాలీ ఆటోలో తెచ్చి వరండాలో దింపారు. మొగుడు, అతని తమ్ముడు, ఇంకో ఇద్దరు ఉన్నారు. తమ్ముడి ముంజేతికి తువ్వాలు చుట్టి ఉంది, రక్తం కారుతోంది. "పిచ్చెక్కిందండీ దీనికి. మా తమ్ముడి కండ ఊడేలా కొరికేసింది," అన్నాడు మొగుడు. మంగ అరవడం లేదు. దగ్గరికి ఎవరు వెళ్ళినా తన్నుతోంది. నోటి చుట్టూ రక్తం ఎండిపోయి ఉంది. డ్యూటీ డాక్టరుగారు కుర్రాడు, మంచివాడే. దూరం నుంచే చూసి, కేసు షీటులో 'వైల్డ్, ఇతరుల్ని కరుస్తోంది' అని ఇంగ్లీషులో రాసి, మత్తు ఇంజక్షన్ ఇచ్చి విశాఖ పిచ్చాసుపత్రికి పంపించేయమన్నారు.

సిస్టర్‌గారు ఆ కాగితం చదివారు. "డాక్టరుగారూ, ఒక్క పది నిమిషాలు ఇప్పించండి," అన్నారు. మగవాళ్ళని గేటు బయటికి పంపించి, కత్తెరతో తాడు కోశారు. కట్టు విడిందో లేదో మంగ రెండు కాళ్ళూ కూడదీసి ఆవిడ మొహం మీద తన్నింది. ముందు పన్ను ఒకటి ఊడి గచ్చు మీద పడింది. నేను కేక పెట్టాను. ఆవిడ నన్ను కదలొద్దని చెయ్యి చూపించి, అక్కడే చతికిలబడి, కొంగుతో నోరు అదుముకున్నారు.

"కొట్టావు కదమ్మా. ఇంకో దెబ్బ ఉంటే కొట్టెయ్. అయిపోతే మంచినీళ్ళు తాగు."

మంగ చాలాసేపు ఆవిడ వంకే చూసింది. తరవాత గ్లాసు అందుకుంది. మూడు గ్లాసులు తాగి, రవిక భుజం మీంచి తొలగించి చూపించింది. వీపంతా కమిలిపోయింది. మొగుడు చేపల మేత లారీ కోసం వెళ్ళినప్పుడు మరిది పాకలోకి వచ్చి చెయ్యి పట్టుకున్నాడట. కొరికింది. మొగుడు తిరిగొచ్చాక, ఏం జరిగిందని కూడా అడక్కుండా, ఇద్దరూ కలిసి బాది కట్టేశారట. "నన్ను మళ్ళీ కట్టెయ్యరు కదండీ?" అని అడిగింది. ఆ రోజు ఆమె అడిగిన ప్రశ్న అదొక్కటే.

డాక్టరుగారు వచ్చి వీపు చూశారు. గాయాల సర్టిఫికెట్ రాసి, పోలీసులకు కబురు పంపారు. మొదట రాసిన మాట కొట్టెయ్యమని నేను అడిగితే, "దిద్దితే కేసు షీటు మార్చేశామంటారమ్మా," అన్నారు. అదీ నిజమే. ఆ మాట అలాగే ఉండిపోయింది. దాని కింద సిస్టర్‌గారు ప్రతి దెబ్బనూ పొడవు, రంగు, చోటు వేసి తన గుండ్రటి అక్షరాలతో రాశారు. చివర ఒక్క ముక్క: 'ఈమెకి పిచ్చి లేదు. బెదిరి ఉంది.'

మర్నాడు విజిటర్ల వేళకి మరిది ఇద్దరిని వెంటేసుకుని సరుగుడు కర్రలతో వచ్చాడు. ఆ కేసు షీటు కావాలి, మంగ కావాలి అన్నాడు. అద్దాలు పగిలాయి. సెలైన్ స్టాండు ఒకటి గాలిలో గిరగిరా తిరుగుతూ వచ్చి మందుల బీరువాకి తగిలింది. పేషెంట్లు మంచాల కింద దూరారు. నేనూ ఒక బల్ల కింద దూరాను. ఆ సంగతి దాచుకోవాలని లేదు. బల్ల కింద నుంచి నాకు సిస్టర్‌గారి చెప్పులు మాత్రమే కనిపిస్తున్నాయి, మంగని ఉంచిన లోపలి గది గుమ్మంలో, కదలకుండా. కర్ర దెబ్బకి ఎముక విరిగిన చప్పుడు విన్నాను. ఆవిడ ఎడమ మణికట్టు అది. రెండో దెబ్బకి మరిది కర్ర ఎత్తాడు. ఆవిడ పక్క బల్ల మీది బెడ్‌పాన్ కుడిచేత్తో అందుకుని అతని మొహం మీద కొట్టారు. కింద పడ్డాడు. పడ్డాక కూడా ఇంకోటి కొట్టారు. మూడోదానికి చెయ్యెత్తి, ఆగిపోయారు.

పోలీసులు వచ్చేసరికి అతని కనుబొమ చీలి కన్ను నిండా రక్తం. ఆవిడ గోడకి ఆనుకుని నిలబడి, "అమ్మాయ్, బయటికి రా. ఇతనికి కుట్లు వెయ్యాలి. నా చెయ్యి పనికిరాదు," అన్నారు.

"నేను వెయ్యనండీ. వాడికా?"

"పేషెంటు. దగ్గరదగ్గరగా వెయ్యి, మచ్చ పడకూడదు."

డాక్టరుగారు పక్కన నిలబడితే నాలుగు కుట్లు వేశాను. తరవాత ఆవిడ చేతికి పట్టీ వేసేటప్పుడు, నేను దాక్కున్నానని ఏడ్చాను. "బెదిరావు, అంతే. బెదిరినవాళ్ళని కట్టెయ్యకూడదు, తిట్టకూడదు," అన్నారు. పట్టీ కట్టడం అయ్యాక, "డాక్టరుగారు రాసిన ఆ 'వైల్డ్' మాట ఇవాళ నా మీద రాయాలమ్మాయ్. రెండో దెబ్బ అక్కర్లేదు. కొట్టడం బాగుండి కొట్టాను," అన్నారు. తన గురించి ఆవిడ అంత కఠినంగా మాట్లాడగా నేను మళ్ళీ వినలేదు.

కేసు ఏలూరు కోర్టులో నాలుగేళ్ళు నడిచింది. అవతలి లాయరుగారు చాలా మర్యాదస్థుడు. ఆ కేసు షీటు చేతిలో పట్టుకుని, "సిస్టర్‌గారూ, ఈ మాట మీ డాక్టరుగారు రాసిందే కదండీ? వైల్డ్ అంటే పిచ్చిదనే కదండీ?" అన్నారు.

"ఆ అర్థం కూడా ఉందండీ."

"కూడా అంటే ఏంటండీ?"

"అడవి పందికీ అదే మాటండీ. ఎవరూ నాటకుండా మొలిచిన మొక్కకీ, తుఫాను గాలికీ, ఎవరికీ లొంగనిదానికీ అదేనండీ. డాక్టరుగారు ఏది అనుకుని రాశారో ఆయన్ని అడగండి. నన్నడిగితే నేను చూసింది చెబుతాను. చేతులు వెనక్కి విరిచి కట్టి ఉన్నాయండీ. ఎవరి చేతులు వాళ్ళు అలా కట్టుకోలేరు. ఆ మాటకి ఎన్ని అర్థాలు వెతికినా, కట్టినవాళ్ళ సంగతి అందులో ఉండదండీ."

జడ్జిగారు కలం ఎత్తి, "చివరి ముక్క మళ్ళీ చెప్పండమ్మా," అన్నారు. ఆవిడ మళ్ళీ చెప్పారు. మరిదికి శిక్ష పడింది. మొగుడు మాత్రం బయటపడ్డాడు. ఆ సంగతి సిస్టర్‌గారు చివరిదాకా మింగలేకపోయారు. మంగ ఆ ఇంటికి తిరిగి వెళ్ళలేదు. కలిదిండి వైపు రొయ్యల చెరువుల్లో పనికి కుదిరింది.

కబురు వినగానే నేను రైల్లో భీమడోలు దిగి, అక్కణ్ణుంచి ఆటోలో ఆవిడ ఊరు చేరాను. కొల్లేటి అంచున ఉంటుంది ఆ ఊరు. రెండు రోజులుగా ముసురు. పాస్టరుగారి ప్రార్థన అయింది కానీ, తవ్విన గోతిలోకి నీళ్ళు ఊరిపోతున్నాయి. తోడినకొద్దీ వస్తున్నాయి. "ఇంక పెట్టె దించేద్దాం, ఈ నేల ఇంతే," అన్నారు ఎవరో. అంతలో జనంలోంచి ఒక ఆడమనిషి చీర బిగించి గోతిలోకి దిగింది. మంగ. జుట్టు నెరిసిపోయింది. "ఆవిణ్ణి నీళ్ళల్లో పెట్టనివ్వనండీ. బకెట్ ఇలా ఇవ్వండి," అంది.

తోడింది. చెరువు పనివాళ్ళ ఒడుపుతో, ఊట ఉన్న పక్కన మట్టి ముద్దలు కుక్కి, పాదంతో తొక్కి, మళ్ళీ తోడింది. చివరికి చేతులు పైకి చాపితే ఇద్దరు పట్టుకుని లాగారు. కొన్ని క్షణాలు గోతి అడుగు నీళ్ళు లేకుండా కనిపించింది. నున్నటి నల్లమట్టి, దాని మీద ఆమె పాదాల ముద్రలు రెండు, లోతుగా. వాటి మీదకి పెట్టెను దించారు.