బంగారు అంచుకు బొట్టు

మా కోడలు జంపఖానాలకు నమూనాలు గీస్తుంది. మా ఊరి కొత్తవాడ మగ్గాల మీద నేసే ఆ నూలు తివాచీల చారలూ, గళ్లూ, అంచులూ ఇదివరకు నేతగాళ్ల తలల్లోనే ఉండేవి. ఇప్పుడు ఆమె వాటిని కంప్యూటరు తెరపై అమర్చి, రంగులు మార్చి చూపుతుంది. నేను జీవితమంతా ప్రబంధాలు పాఠం చెప్పినవాణ్ని. ఆ యంత్రం విషయంలో నా అధికారం దాని పక్క కుర్చీలో కూర్చోవడం వరకే.

మొన్నటి చలికాలంలో అందులోని గ్రాఫిక్స్ కార్డు చెడిపోయింది. తెరకు బొమ్మను అందించేది అదేననీ, మా యంత్రానికి వేరే దారి లేదనీ కోడలు నాకు వివరించింది. హనుమకొండ వెళ్లి కొత్తది తెచ్చి, మరునాటి మధ్యాహ్నం తానే బిగించి మీట నొక్కింది. లోపలి ఫ్యాన్లు తిరిగాయి, చిన్న దీపాలు వెలిగాయి. తెర మాత్రం అమావాస్యనాటి ఆకాశమై ఊరుకుంది.

ఆ సాయంకాలమే నేతగాళ్ల పెద్ద మా ఇంటికి రావలసి ఉంది. ఆయన చూసి ఔనంటే కోడలి నమూనాకు తగినట్టు నూలు ఆ రోజే రంగు వేయడానికి పోతుంది. చూపలేకపోతే ఎప్పటి ఎర్రచారలకే పోతుంది. ఇతరుల నమూనాలను దిద్దడం కాక, ఆమె తన ఊహలోంచి తీసిన మొదటి నమూనా అది. అది ఆ యంత్రంలో తప్ప మరెక్కడా లేదు.

ఆమె మొదట తెర తీగను చూసింది. అది సరిగానే తగిలించి ఉంది. కార్డుకు కరెంటునిచ్చే తీగను ఊడదీసి, టక్కుమనేదాకా మళ్లీ నొక్కింది. మార్పు లేదు. అంగడివాడికి ఫోను చేస్తే, కార్డును పూర్తిగా తీసి మళ్లీ కూర్చోబెట్టమనీ, అప్పటికీ రాకపోతే రేపు పట్టుకు రమ్మనీ చెప్పాడట.

"రేపు తీస్కపోతె ఏం లాభం మామయ్యా, నూలు ఇయ్యాల్నే పోతది" అన్నది.

కరెంటు ఆపి ఆమె కార్డును బయటికి తీసింది. నేను సెల్‌ఫోను దీపం పట్టుకున్నాను. కార్డు అడుగున బంగారు రంగు పళ్లు వరుసగా ఉంటాయి. అవి యంత్రపు చీలికలో దిగితేనే రెంటికీ మాట కలుస్తుందట. ఆ పళ్ల మీద, బిగించేటప్పుడు ఆమె కంట పడని వైపున, ఎండిన పసుపు, దాని నడుమ కుంకుమ.

ఒకరినొకరం చూసుకున్నాము. మిక్సీ కానివ్వండి, స్కూటరు కానివ్వండి, మా ఇంట కొత్త వస్తువేదీ బొట్టు లేకుండా పనిలోకి దిగదు. ఆ చేయి ఎవరిదో విచారించనక్కరలేదు. అత్తమ్మకు చెప్పవద్దనీ, తుడిచేద్దామనీ కోడలు గొంతు తగ్గించి అన్నది. గృహస్థధర్మంలో కొన్ని మౌనాలు సత్యానికి సోదరులే కనుక సమ్మతించాను. అప్పటికే నా భార్య గడపలో నిలిచి ఉంది.

"నేనే పెట్టిన బిడ్డా. పొద్దున నువ్వు తానానికి పోయినప్పుడు. గా బంగారు అంచు చూసి గదే దాని మొహం అనుకున్న."

కోడలికి నవ్వు ఆగలేదు. "మొహం కాదత్తమ్మా, గది నోరు. నోట్లె పసుపు కుక్కితె ఎట్ల మాట్లాడ్తది?"

"మరి మీ మామయ్య నోట్లె ఎవలు కుక్కిండ్రు? దీపం పట్టుకొని సప్పుడు చేస్తలేరు."

నేను దీపాన్ని ఇంకాస్త దగ్గరికి పట్టాను. కోడలు బొమ్మలు గీసే రబ్బరుతో ఆ పళ్లను మెల్లగా రుద్దింది. నా భార్య మెత్తని పొడిగుడ్డ తెచ్చి ఇచ్చి, మరక పోయిందో లేదో తానే వెలుతురుకు ఎత్తి చూసింది. చీలికను కుంచెతో దులిపి, కార్డును నిలువుగా కూర్చోబెట్టి, మళ్లీ మీట నొక్కారు. కాసేపు ఏమీ లేదు. పిమ్మట తెర తెల్లవారింది.

నేతగాళ్ల పెద్ద చెప్పిన వేళకే వచ్చాడు. కళ్లద్దాలు సవరించుకొని చాలాసేపు చూశాడు.

"మంచిగున్నది బిడ్డా. నీలం జర లేతగున్నది. పెండ్లిళ్లల్ల పరుస్తరు, ఊరంత తొక్కుతది."

ఆమె అక్కడికక్కడే నీలాన్ని ముదురు చేసింది. మరికొంచెం అన్నాడు, చేసింది. ఇక చాలన్నాడు. తెరను తన ఫోనుతో ఫొటో తీసుకొని వాకిట్లోకి వెళ్లి, నూలుకు రంగు వేసేవాడికి ఫోను చేసి, ఎరుపు ఆపి నీలం కలపమని చెప్పసాగాడు. కోడలు కిటికీ పక్కన కదలకుండా నిలబడి, ఆ మాటలు చివరిదాకా విన్నది.