వెనక సీట్లో స్పీకరు

ఆ రోజుల్లో ఊరికొక కారుంటే గొప్ప. ఆ కారులో రేడియో కూడా ఉంటే అది ముందు సీట్లో కూర్చునే మగవాళ్ల సొత్తు. వెనక సీటు ఆడవాళ్లకీ, ఊరగాయ జాడీలకీను. ఇది ఎవరూ రాసిపెట్టిన చట్టం కాదు గానీ, రాసిపెట్టినవాటికంటే గట్టిగా నడిచేది. నేను ఒకసారి ఆ చట్టాన్ని మార్చబోయాను. చేతికి సాల్డరింగ్ ఐరన్ పట్టడం వచ్చనే పొగరు తప్ప అందుకు నాకు వేరే అర్హత ఏమీ లేదు. ఇది జరిగి యాభై ఏళ్లు కావస్తోంది. ఇప్పటికీ ఎవరైనా కారు స్పీకర్ల గురించి మాట్లాడుతుంటే నాకు చెవులు వేడెక్కుతాయి. నవ్వుతూ చెబుదామనే మొదలుపెడుతున్నాను, చివరిదాకా నవ్వగలనో లేదో మరి.

మా నాన్నకి తిరువూరు బజార్లో రేడియో రిపేరు షాపు ఉండేది. ఆరెకరాల మాగాణి అన్నదమ్ములకి వదిలేసి స్క్రూడ్రైవర్ పట్టుకున్న మనిషి కాబట్టి చుట్టాలు ఆయన్ని కాస్త తేడాగానే చూసేవారు. నేను హైస్కూలు నుంచి రాగానే పుస్తకాల సంచి పారేసి షాపులో చేరేదాన్ని. ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకని మా అమ్మ సణుగుతూనే ఉండేది, నాన్న నేర్పుతూనే ఉండేవాడు. ఆయనకి రెండు పట్టింపులు. జాయింటు వేశాక లాగి చూడాలి, ఊడితే మళ్లీ మొదలు. రెండోది, నల్లటేపు వాడకూడదు. "మన ఎండలకి బంక కరిగి జారిపోద్దమ్మా" అని కుట్టుదారానికి మైనం పూసి, జాయింటు మీద దగ్గరదగ్గరగా చుట్టేవాడు. అలా దారం చుట్టేవాళ్లు నాకు తెలిసి లోకంలో ఇద్దరే, ఆయనా నేనూ. 'నా పొరపాటు' అనే మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. గర్వం కాదు, అనాల్సిన అవసరం రాలేదంతే.

పందొమ్మిదేళ్లకి పెనుగొలను కోడలినయ్యాను. మా మామగారికి ఒక నల్లకారు ఉండేది. బెజవాడలో ఎవరో డాక్టరు వాడి వాడి అమ్మిన పాతబండి. కంపెనీవాళ్లు బిగించి ఇచ్చిన రేడియో అందులో అలాగే ఉంది, దాని ఒక్కగానొక్క స్పీకరు ముందు కూర్చున్నవాళ్ల మోకాళ్ల దగ్గర. పెళ్లయిన కొత్తలో ఆ రేడియో గరగరమంటుంటే మా నాన్నే విప్పి బాగుచేశాడు. చేసి, నలుగురి ముందూ, "బావగారూ, ఇక పదేళ్లదాకా దీన్ని ముట్టుకోనక్కర్లేదు. నాదీ పూచీ" అన్నాడు. మామగారు ఆ మాట ఊరంతా చెప్పుకున్నారు. నేనైతే పుట్టింటివాళ్లు పెట్టిన గొలుసు కంటే ఆ పూచీనే ఎక్కువగా చూసుకుని మురిసిపోయాను.

ఆ కారెక్కితే మావారు నడిపేవారు, పక్కన మామగారు. వెనక అత్తగారూ నేనూ. ముందు ఇద్దరూ రేడియో వింటూ పగలబడి నవ్వుతుంటే, ఎందుకు నవ్వుతున్నారో తెలియక మేమిద్దరం మొహమొహాలు చూసుకునేవాళ్లం. ఇంజను హోరులో మాదాకా ఒక్క ముక్క వచ్చేది కాదు. "కాస్త పెంచండి" అని అత్తగారు ఒకసారి అడిగితే, "మీకెందుకే? మీరూ మీరూ మాట్లాడుకోండి" అన్నారు మామగారు. (ఆయన చెడ్డవారు కాదు. మాకు వినాలని ఉంటుందని ఆయనకి తట్టలేదు, అంతే.) ఆ రాత్రి పప్పు రుబ్బుతూ అత్తగారికి చెప్పాను. "అత్తయ్యా, వెనక కూడా ఒక స్పీకరు పెట్టొచ్చు. నాకొచ్చు." ఆవిడ రుబ్బురోలు మీద చెయ్యి ఆపి నన్ను చూశారు. "మీ మావయ్యగారిని అడిగితే వద్దంటారు. అడక్కపోతే వద్దనలేరుగా?" అన్నారు. నాకు అలాంటి అత్తగారు దొరికారు.

పుట్టింటికి వెళ్లినప్పుడు నాన్న షాపులోని పాత సామాన్ల బుట్టలోంచి చిన్న స్పీకరొకటి తీసుకున్నాను. ఎందుకమ్మా అంటే, మావారి రేడియోకి అని అబద్ధం చెప్పాను. మూడు మధ్యాహ్నాలు, మగవాళ్లు తోటకి వెళ్లిన వేళ చూసి, పని కానిచ్చాను. రెండు స్పీకర్లూ కలిపి పాడిస్తే శబ్దం పీలగా ఉంది, పైగా మా గుట్టు తెలిసిపోయేలా ఉంది. అందుకని మధ్యలో ఒక మీట పెట్టాను. ఇటు నొక్కితే ముందు స్పీకరు, అటు నొక్కితే వెనకది. తీగెలు చాపకింద పరిచి, స్పీకర్ని వెనక సీటు దిండులో దూర్చి, మీటని సీటు కింద అత్తగారి చేతికి అందేలా బిగించాను. సాల్డరింగ్ వాసన (అత్తగారి భాషలో మాటు వేసిన కంపు) తెలియకుండా ఆవిడ కారు చుట్టూ సాంబ్రాణి పొగ వేశారు. "కారుకి సాంబ్రాణేంటే?" అని మామగారు అడిగితే, "దిష్టి తగిలిందండీ" అన్నారు తడుముకోకుండా.

ఇక మా వైభోగం చూడాలి. సీటు దిండుకి చెవి ఆనిస్తే తప్ప వినపడదు కాబట్టి ఇద్దరం తలలు వాల్చి కళ్లు మూసుకునేవాళ్లం. "కారెక్కగానే నిద్రే వీళ్లకి" అనేవారు మామగారు. ఆదివారం మధ్యాహ్నం నాటకం వింటూ అత్తగారు కళ్లు మూసుకునే ఏడుస్తుంటే, మావారు అద్దంలో చూసి కంగారుపడి కారు ఆపేశారొకసారి. "దుమ్ము పడిందిరా, పోనీ" అన్నారావిడ. మేము మీట తిప్పినప్పుడల్లా ముందు రేడియో మూగబోయేది కదా, మామగారు డ్యాష్‌బోర్డు మీద అరచేత్తో ఒక్కటిచ్చేవారు. దెబ్బ వినగానే అత్తగారు ఉలిక్కిపడి మీట ఇటు తిప్పేసేవారు. రేడియో పలికేది. "చూశావట్రా, దెబ్బకి దెయ్యం వదలాల్సిందే" అని మామగారు మావారితో అనేవారు. అలా నాలుగైదుసార్లు అయ్యేసరికి తన చేతిలో ఏదో మహిమ ఉందని ఆయనకి నమ్మకం కుదిరిపోయింది. మేము నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వుకి శిక్ష పడాల్సిందే, పడింది కూడా. కాకపోతే నాకు పడలేదు.

మామగారు మామిడి మొక్కల పెంపకం గురించి రేడియోలో మాట్లాడే అవకాశం వచ్చింది. బెజవాడ వెళ్లి రికార్డు చేయించుకుని వచ్చారు. ఏం మాట్లాడారో మాకు చెప్పలేదు. "అదేదో అందరితో పాటే వినండి" అన్నారు ముసిముసిగా. ప్రసారమయ్యే రోజు సాయంత్రం నెమలి ఊళ్లో గుడికి వెళ్లి వస్తూ, ఊరి సెంటర్లో కారు ఆపించారు. ఇంట్లో ట్రాన్సిస్టర్ ఉంది గానీ దాని గొంతు పదిమందికి చాలదని, కారు రేడియో దగ్గరికి రమ్మని ముందే అందరికీ కబురు పెట్టారు. పాతికమందిదాకా పోగయ్యారు. తలుపులు బార్లా తెరిచి, మామగారు రేడియో తిప్పారు. ఉలుకూ పలుకూ లేదు. దారిలో పాటల కోసం మీట మావైపు తిప్పుకున్నాం, తన ప్రసంగం ధ్యాసలో పడి మామగారు ఈసారి డ్యాష్‌బోర్డు మీద కొట్టలేదు, మేమూ దాన్ని మళ్లీ ఇటు తిప్పడం మరిచిపోయాం.

"ఒక్కటేస్తే పలుకుద్ది చూడండి" అని ఆయన చెయ్యెత్తారు. అత్తగారు కంగారులో మీటని పక్కకి గుంజారు. అది పుటుక్కున విరిగి ఆవిడ చేతిలోకి వచ్చేసింది. ముందు స్పీకరు మూగగానే ఉండిపోయింది. మామగారు ఒకటి వేశారు, రెండు వేశారు. "ఇంకోటెయ్యండి బాబాయ్, అలిగినట్టుంది" అన్నాడెవడో. జనం నవ్వారు. మావారు ట్రాన్సిస్టర్ కోసం ఇంటికి పరిగెత్తారు. మా చెవుల దగ్గర, సీటు దిండులోంచి, మామగారి గొంతు హాయిగా మాట్లాడుతూనే ఉంది. "మొక్క పక్కన చిల్లికుండ పాతి నీళ్లు పొయ్యడమనే ఉపాయం నాది కాదండి, మా ఇంటావిడది. ఆవిడ లేకపోతే ఈ తోట లేదు." అత్తగారు విరిగిన మీట పిడికిట్లో పట్టుకుని అలాగే బిగుసుకుపోయారు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన అనని మాట, ఊరందరి ముందూ ఆవిడ వినాలని దాచిపెట్టుకున్న మాట, నా పనితనం పుణ్యాన దూదిలోనే ఉండిపోయింది. 'మావయ్యగారూ, వెనక సీటుకి చెవి ఆనించండి' అంటే చాలు. నాకు నోరు రాలేదు. ట్రాన్సిస్టర్ వచ్చేసరికి మిర్చి ధరలు చెబుతున్నారు.

ఇంటికొచ్చాక మామగారు అరవలేదు. అరిచినా బాగుండేది. "మీ నాన్న పదేళ్లు పూచీ అన్నాడమ్మాయ్. ఏడాది తిరగలేదు" అన్నారు. అప్పుడైనా నిజం చెప్పొచ్చు. నేనేమన్నానో రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడటం లేదు. "ఈ మధ్య నాన్నకి చూపు ఆనడం లేదండి" అన్నాను. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? "జాయింటు సరిగ్గా పడి ఉండదు" అని కూడా అన్నాను. పక్కనే ఉన్న అత్తగారు నావైపు చూసి తల దించుకున్నారు.

మర్నాడు అందరం కారులో తిరువూరు వెళ్లాం. మామగారు దిగుతూనే, "చూపు ఆనడం లేదటగా బావగారూ, అమ్మాయి చెప్పింది. ముందే అంటే ఈ పని మీకు పెట్టేవాళ్లం కాదుగా" అన్నారు, జాలిగానే. నాన్న నావైపు చూశాడు. కారులోకి వంగి రేడియో విప్పాడు. సెట్టులో లోపం లేదు. తీగె పట్టుకుని చాపకింద వెతుక్కుంటూ వెనక సీటుదాకా వచ్చి ఆగాడు. నేను తలుపు పక్కనే నిలబడి ఉన్నాను. మైనం పూసిన దారం చుట్టిన జాయింటు ఆయన వేళ్ల మధ్య ఉంది. దాన్ని ఒకసారి లాగి చూశాడు. ఊడలేదు.

"ఏమంటారు బావగారూ?" అన్నారు మామగారు బయటినుంచి.

"నా పొరపాటేనండి" అన్నాడు నాన్న లేచి నిలబడుతూ. "అమ్మాయి చెప్పింది నిజమే, చూపు తగ్గింది. మీకు పదిమందిలో చిన్నతనం చేశాను, ఏమీ అనుకోకండి. దానికి బదులుగా వెనక కూడా ఒక స్పీకరు పెట్టి, రెండూ కలిసి పలికేలా చేసిస్తాను. ఆడవాళ్లు కూడా వింటారు."

మామగారు పెద్దమనసుతో క్షమించారు. నేను అక్కడే, రెండడుగుల దూరంలో, నోట్లో నాలుక లేనట్టు నిలబడ్డాను. కారెక్కేటప్పుడు నాన్న నా పక్కకి వచ్చి, ఎవరికీ వినపడకుండా, "జాయింటు బాగా వేశావమ్మా" అన్నాడు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని. తిరుగు ప్రయాణమంతా రెండు స్పీకర్లూ పాడుతూనే ఉన్నాయి, నాకు ఒక్క పాటా చెవికెక్కలేదు. కొన్నాళ్లకి అత్తగారు, కుండల మాట తాను విన్నానని మాత్రం మామగారికి చెప్పారట. ఎక్కడ విన్నావని ఆయన అడిగితే, "కల్లో" అన్నారట.

ఆ తర్వాత మామగారు తిరువూరు వెళ్లినప్పుడల్లా నాన్న కళ్లజోడు పెట్టుకుని కనిపించేవాడు. 'చూపు తగ్గినాయన' అనే మాట బజారంతా పాకింది. కొందరు సెట్లు వేరే చోటికి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. నేను మాత్రం ఆ కళ్లజోడు చూసి లోలోపల ఊపిరి పీల్చుకున్నాను. నేనన్నది పూర్తిగా అబద్ధం కాదన్నమాట, నిజంగానే చూపు తగ్గిందన్నమాట అనుకుని ఎన్నో ఏళ్లు హాయిగా నిద్రపోయాను. మామగారు పోయేదాకా కూడా నిజం చెప్పలేదు.

నాన్న పోయాక ఆయన వస్తువుల్లో నేను అడిగి తెచ్చుకున్నది ఆ కళ్లజోడొక్కటే. నాకు కళ్లజోడు పడినప్పుడు, ఆ ఫ్రేముకే నా పవరు అద్దాలు వేయించుకుందామని తిరువూరులో కళ్లజోళ్ల షాపుకి తీసుకెళ్లాను. షాపాయన దాన్ని వెలుతురుకి ఎత్తి, ఇటు తిప్పి అటు తిప్పి, "ఇదెవరిదమ్మా? దీనికి పవరేం లేదండి, ఉత్త అద్దాలు" అన్నాడు. నేను అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. పాపం, నాకేదో అయిందని మంచినీళ్లు తెచ్చిచ్చాడు. అద్దాలు మార్చొద్దని చెప్పి ఆ జోడు ఇంటికి తెచ్చేసుకున్నాను.

ఇప్పుడు నాకు నిజంగానే చూపు ఆనడం లేదు. ఆ మాట ఎవరితోనైనా అనాల్సి వచ్చినప్పుడల్లా, ఆ పందొమ్మిదేళ్ల పిల్ల ఎక్కడో తల దించుకుని నిలబడినట్టు అనిపించి కాస్త నవ్వొస్తుంది. ఒక్క క్షణం ఆగి, అప్పుడు అంటాను.