పడుకోలేని బాలమణి

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక జూన్ మొదటి వారంలో, వికారాబాద్ నుంచి తాండూరులోని ఒక ఆసుపత్రికి సీనియర్ సీటీ స్కాన్ టెక్నీషియన్‌గా వచ్చాను. నా భార్య పోయి అప్పటికి ఏడాది. అద్దె గదిలో ఒక్కడినే. పేషెంట్లతో నాలుగు ముక్కలు మాట్లాడితేనే ఆ రోజు మాట్లాడినట్టు. ఆ యావే నా చేత తప్పు చేయించింది.

దగ్గుతో స్కాన్‌కు వచ్చిన బాలమణిది పక్కనున్న పెద్దేముల్ ఊరు. నాపరాయి పాలిష్ పట్టే పని. భర్త చనిపోయాడు, పిల్లల్లేరు. రాయి పనివాళ్లు దగ్గితే దుమ్ము జబ్బో టీబీయో అనుకోవడం మాకు అలవాటు. ఆమెకు రెండూ కావు; ఛాతీ మధ్యలో, గాలిగొట్టం పక్కన, నిమ్మకాయంత గడ్డ. సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు నా చేతికి వచ్చిన రోజు డాక్టరుగారు రౌండ్స్‌లో ఉన్నారు. బయట ఆమె ఊరి ఆటో నిండుతోంది. ఏమొచ్చిందని నన్నడిగింది. ఫలితం చెప్పే అధికారం టెక్నీషియన్‌కు లేదు. అయినా పెద్దరికానికి పోయి, క్యాన్సర్ కాదమ్మా, మంచి గడ్డే, నిశ్చింతగా వెళ్లమన్నాను. దండం పెట్టి, డాక్టరును కలవకుండానే ఆటో ఎక్కింది.

మంచి గడ్డ కూడా పెరుగుతుంది. ఛాతీలో చోటు తక్కువ కాబట్టి గాలిగొట్టాన్నీ గొంతు పలికించే నరాన్నీ నొక్కుతుంది. ఐదు నెలలకు ఆయాసం ముదిరి మళ్లీ స్కాన్‌కు వచ్చింది. బల్ల మీద పడుకోమంటే కదల్లేదు.

"పండుకుంటే దమ్ము ఆగుతది సారూ. గోడకు ఒరిగి కూసునే నిద్ర పోతున్న."

భయమనుకున్నాను. రెండు నిమిషాలేనని పడుకోబెట్టాను. పెదవులు నీలంగా మారాయి. వెంటనే లేపి కూర్చోబెట్టి, ఆక్సిజన్ పెట్టి డాక్టరుగారిని పిలిచాను. కూర్చోబెట్టే హైదరాబాద్ పంపారు. మూడు నెలలుగా అలాగే నిద్రపోతోందట. ఇంట్లో ఇంకో మనిషుంటే మొదటి వారమే ఆసుపత్రికి తెచ్చేవారు.

ఆపరేషన్ జరిగి ప్రాణం దక్కింది. గడ్డకు అతుక్కున్న గొంతు నరం దక్కలేదు; దాంతో గొంతు పోయింది. ముందే తీసుంటే మిగిలేదని సర్జన్ అన్నారట. చూపించుకోవడానికి వచ్చినప్పుడు నా తప్పు ఒప్పుకున్నాను. ఆమె గుసగుసగా అంది.

"పోతే పోయింది తియ్యి సారూ. ఇంట్ల ఎవరితోని మాట్లాడాలె?"

చాలా సిగ్గేసింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఆటో పోయినా సరే, పేషెంటును డాక్టరు గది దాకా నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. క్యాన్సర్ కాదనేది సగం ఫలితమే. మిగతా సగం చెప్పలేనివాడు మొదటి సగం చెప్పకూడదు.