గోడకు ఆనించి కట్టిన ఇల్లు

2022 శీతకాలం. యూఏఈలోని అల్ ఐన్ శివార్లలో ఖర్జూర తోటల పక్కగా మంచినీటి పైపులైను వేస్తున్నాం. నేను సైట్ ఇంజనీరుని. అక్కడ పొద్దున్నే పొగమంచు తోటల మీద నుంచి ఇసుక మీదికి జారుతుంది. మనుషులు, యంత్రాలు కలలో కదులుతున్నట్టు ఉంటారు.

అలాంటి ఒక ఉదయం ట్రెంచ్‌లో, అంటే పైపు కోసం తవ్వే పొడవాటి గుంటలో, మట్టి రంగు మారింది. దిగి చేత్తో తుడిచాను. పచ్చి ఇటుకల వరుస. జేసీబీ నడిపే జగిత్యాల రాజన్న పైనుంచి తొంగిచూశాడు.

"మట్టిగడ్డలే గద మేడమ్. ఇంకో రెండు బకెట్లు తీస్తే ఖలాస్."

"వద్దు రాజన్నా, ఇంజన్ ఆపెయ్."

మా ముదీర్‌కి, అంటే మేనేజర్‌కి, ఫోన్ చేశాను.

"పురావస్తు శాఖకి చెబితే పని ఆగిపోతుంది. వచ్చే నెల నీ కాంట్రాక్ట్ రెన్యువల్, గుర్తుంది కదా?" అన్నాడు.

గుర్తుంది. మా పాప వీసా కూడా నా ఉద్యోగం మీదే ఉంది. కానీ ఇటుకల సందుల్లో ఎవరో మట్టిని వేళ్లతో అదిమిన గుర్తులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. శాఖకి నేనే ఫోన్ చేశాను.

మరియం అనే నిపుణురాలు వచ్చింది. ఆమె బృందం వారాల తరబడి కుంచెలతో తుడుస్తుంటే ఒక గది, గడప, బూడిద మిగిలిన పొయ్యి మెల్లగా బయటపడ్డాయి. వేల ఏళ్ల నాటివట. పక్కనే ఇంకో గది. రెండింటికీ గోడ ఒకటే.

"ముందు ఒక్క ఇల్లే ఉండేది," అంది మరియం హిందీలో. "తర్వాత ఇంకెవరో వచ్చి ఈ గోడకే ఆనించి కట్టుకున్నారు. ఊరు ఇలాగే మొదలవుతుంది."

"మొదటి ఇంటివాళ్లని అడిగే కట్టుకున్నారంటారా?"

ఆమె నవ్వింది. "గోడ మాత్రం ఎవరూ పడగొట్టలేదు."

పాడవకుండా ఆ ఇంటిని మళ్లీ ఇసుకతో కప్పేయాలని, పైపు దారి మళ్లించాలని శాఖ నిర్ణయించింది. కప్పే ముందు రాజన్న చూడటానికి వచ్చాడు. గడప దగ్గర ఆగి సేఫ్టీ బూట్లు విప్పాడు.

"సైట్‌లో బూట్లు విప్పకూడదు రాజన్నా."

"ఎవలదో ఇల్లు గద మేడమ్."

నేనూ విప్పాను. నేల చల్లగా ఉంది. పొయ్యి ముందు ఇద్దరం నిలబడ్డాం. పక్కగదిలో ఎవరో గిన్నె కింద పెట్టినట్టు అనిపించి తలతిప్పాను.

నా కాంట్రాక్ట్ రెన్యూ కాలేదు. కొన్నాళ్లకి దుబాయ్‌లోని జెబెల్ అలీలో వేరే ఉద్యోగం దొరికింది. ఇక్కడా తవ్వేది ఇసుకే. కానీ ఏ నేలనీ ఖాళీ స్థలం అనలేకపోతున్నాను. మొదటి బకెట్ మెల్లగా దించమంటాను, కింద ఎవరో నిద్రపోతున్నట్టు.