నేను గీయని వృత్తం

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను చూస్తే నాకు విసుగు. సివిల్‌లో డిప్లొమా చేసిన మనిషిని. గోడ మందం, గది వెడల్పు, మెట్ల ఎత్తు, ఇవే నా లోకం. టేపు పెట్టి కొలవలేనిది ఒకటి ఉందంటే నమ్మేదాన్ని కాదు. అందుకే ఇది చెప్పడానికి ఇన్నేళ్లు వెనకాడాను.

తెలంగాణ రాకముందు సంగతి. నారాయణఖేడ్‌లో ఒక ఇంజనీరు దగ్గర ఇళ్ల ప్లాన్లు గీసే పనిలో ఉండేదాన్ని. బట్టల దుకాణం మీద మా ఆఫీసు. రెండు గదులు, ఒకటే కంప్యూటరు. నాకు ఆ పని నేర్పింది దేవదానం అన్న. ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడే మనిషి, ఆఫీసులో మాత్రం పలికితే పలికినట్టు, లేకపోతే లేదు.

నాగల్‌గిద్ద దగ్గర ఒక స్థలం కొలుస్తూ, టేపు పట్టుకుని వెనక్కి నడుస్తూ, గడ్డి కమ్మేసిన పాడుబావిలో పడిపోయాడాయన. ప్రాణంతో పైకి తీయలేకపోయారు.

ఆయన కుర్చీ నాకొచ్చింది. కొన్నాళ్లకు మా సార్ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ తెచ్చారు. పాతదాని మీదే కొత్తది ఎక్కించవచ్చు, లేదా అంతా తుడిచేసి మొదటినుంచి వేసుకోవచ్చు. తుడిచేస్తే దేవదానం అన్న ఏళ్ల తరబడి చేసిపెట్టుకున్న సెట్టింగులన్నీ పోతాయి. పాతదాని మీదే ఎక్కించమన్నారు సార్. నాకూ అదే మేలనిపించింది.

మర్నాటి నుంచి, కొత్త డ్రాయింగ్ తెరిచినప్పుడల్లా ఖాళీ తెర మీద ఒక మూల చిన్న ఎర్ర వృత్తం ఉండేది. చెరిపితే పోయేది. మరో డ్రాయింగ్ తెరిస్తే మళ్లీ అక్కడే. భయపడలేదు. పాత సెట్టింగుల ఫైలులోంచి వస్తోందనుకుని ఆ ఫైలు తెరిచాను. అందులో వృత్తం లేదు. అప్పుడు మాత్రం సార్‌కు చెప్పాను.

సార్ కంప్యూటరు మెకానిక్‌ను పిలిపించారు. పాతదాని మీద కొత్తది వేస్తే ఇలాంటి చెత్త మిగులుతుందని, డిస్కు ఫార్మాట్ చేయడం తప్ప దారిలేదని అతనన్నాడు. డ్రాయింగులన్నీ సీడీల్లోకి ఎత్తి, కంప్యూటరును పూర్తిగా ఖాళీ చేసి, అన్నీ కొత్తగా వేశాడు. తెర శుభ్రంగా ఉంది. దేవదానం అన్న ఆఖరి ఆనవాళ్లు కూడా పోయాయని మనసు చివుక్కుమంది.

మర్నాడు పొద్దున కల్హేర్‌లో మొగులయ్య అనే రైతు ఇంటి ప్లాను మొదలుపెట్టాను. పునాదులు తవ్వడానికి మనుషుల్ని మాట్లాడుకున్నాడు, తొందరపెడుతున్నాడు. హాలు గీశాను, పడక గది గీశాను. వంటగది గోడలు కలిపి, దాహమేసి, మౌస్ వదిలి నీళ్ల సీసా అందుకున్నాను.

తెర అడుగున మనమిచ్చే ఆదేశాలు కనిపించే వరుస ఒకటి ఉంటుంది. అందులో వృత్తం గీయమనే ఆదేశం దానంతట అదే పడింది. కేంద్రం ఎక్కడ అని అడిగింది సాఫ్ట్‌వేర్. అంకెలు పడ్డాయి. వ్యాసార్ధం ఎంత అని అడిగింది. మళ్లీ అంకెలు. ఒక్కొక్కటిగా, ఆగి ఆగి, ఒంటి వేలితో కీ వెతుక్కుని కొట్టినట్టు. దేవదానం అన్న అలాగే కొట్టేవాడు.

వంటగది మధ్యలో ఎర్ర వృత్తం నిలిచింది. కొత్తగా వేసిన సాఫ్ట్‌వేర్‌లో ఎరుపు రంగు నేనింకా పెట్టనే లేదు.

చెరిపాను. మళ్లీ అంకెలు పడటం మొదలైంది. మెట్లు ఎలా దిగానో తెలియదు. ఎండలో, జనం మధ్యకు వెళ్లి నిలబడ్డాను.

సార్ వచ్చాక ఆ ఎర్ర వృత్తం చూపించాను. దేవదానం అన్న ప్లాన్లలో బావికి గుర్తు అదే.

"కల్హేర్ జాగ గురించి దేవదానం నీకేమన్న చెప్పిండా?" అన్నారు.

మొగులయ్య ఆ స్థలం కొన్నదే దేవదానం అన్న పోయాక. అది సార్‌కూ తెలుసు. ప్లాను ఇవ్వకుండా, మర్నాడు నన్ను వెంటబెట్టుకుని బస్సులో కల్హేర్ బయలుదేరారు.

మేం వెళ్లేసరికే మొగులయ్య తన లెక్కన ముగ్గు పోయించి తవ్వకం మొదలుపెట్టేశాడు. వంటగది వచ్చే చోట ఎవరూ తిరగొద్దని సార్ అన్నారు. అతనికి నచ్చలేదు.

"కొబ్బరికాయ కొట్టినం, మనుషులొచ్చిన్రు. ఇప్పుడు ఆపుమంటే ఎట్ల సార్? గక్కడ ఏమున్నదని?"

ఒక్క రోజు ఆగమన్నారు సార్. వాళ్లు మాట్లాడుతుండగానే, మట్టి తట్ట నెత్తిన పెట్టుకుని సాయమ్మ అనే కూలీ ఆ చోటు దాటబోయింది. నేల ఆమె కింద మెత్తగా దిగిపోయింది. నడుము దాకా కూరుకుపోయి రెండు చేతులూ చాచింది. పక్కవాళ్లు ఉరికొచ్చి లాగారు. ఆమె బయటపడ్డాక, లోపలికి జారిన మట్టి ఎక్కడో అడుగున నీళ్లలో పడ్డ చప్పుడు వినిపించింది.

పైమట్టి తీస్తే కుళ్లిన దూలాలు. వాటి కింద రాతితో కట్టిన బావి. స్థలం అమ్మినవాళ్లకు గానీ, ఊళ్లో పెద్దవాళ్లకు గానీ అక్కడ బావి ఉన్నట్టే తెలియదు. సార్ టేపు పెట్టి వెడల్పు కొలిచారు. నా వైపు తిప్పి అంకె చూపించి, టేపు చుట్టేశారు. తెర మీది వృత్తం కొలతే అది.

సాయమ్మకు నీళ్లిచ్చి పక్కన కూర్చున్నాను. ఆమె తన పాదాలు చూసుకుంటోంది.

"అరికాళ్ల కింద ఎవలో చేతులు పెట్టి ఆపిన్రమ్మా" అంది మెల్లగా. "లేకుంటే లోపలికే పోతుంటి."

మొగులయ్య ఆ బావిని పూడ్పించి, ఇల్లు పక్కకు జరిపి కట్టుకున్నాడు. మార్చిన ప్లాను నేనే గీశాను. ఆ వృత్తం మళ్లీ ఎప్పుడూ రాలేదు. కొన్ని నెలలకు నేను ఆ ఉద్యోగం మానేశాను.

ఈ సంగతి తెలిసిన ఒకరిద్దరు అడుగుతారు, అది దేవదానం అన్నే కదా అని. అవునంటే, ఆయన ఇంకా బావి నీళ్ల చీకట్లోనే నిలబడి ఉన్నాడని ఒప్పుకోవాలి. కాదంటే, నా ఎదురుగా ఒక్కో అంకె కొట్టింది మరెవరో తెలియాలి. రెంటిలో దేన్నీ నేను ఇప్పటివరకూ పైకి అనలేకపోయాను.