అడ్డుతెర కుట్టిన చేతులు

పీర్జాదిగూడ ఫ్లాటులో మా మనవరాలు మూడు నెలలుగా మ్యాటీ గుడ్డ మీద గళ్ళు లెక్కపెట్టుకుంటూ కుట్టిన క్రాస్ కుట్టు నెమలి మొన్న ఆదివారం పూర్తయింది. ఇక దాన్నేం చేయాలన్నది ప్రశ్న. అద్దం బిగించి గోడకు తగిలించాలా, రింగులోనే ఉంచి అంచుకు లేసు చుట్టాలా, దిండు గలీబు చేయాలా, భుజం సంచికి అతకాలా అని ఫోనులో ఒక్కొక్కటే చూపించి నా సలహా అడిగింది. నేను గుడ్డను వెనక్కి తిప్పాను. అన్నీ ముళ్ళు, వేలాడే దారాలు. ముందు దీని సంగతి చూడమన్నాను.

"వెనక ఎవరు చూస్తరు తాతా?" అని నవ్వింది.

చూస్తారని తెలిసిన మనిషి ఒకామె మా ఇంట్లో ఉండేది. ఆమె మా మేనత్త. పెళ్ళయిన రెండో ఏడే భర్త పోతే, ఇరవై నిండకుండానే నాచారంలో మా ఇంటికి తిరిగి వచ్చింది. మా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఏ ఇంట్లో చూసినా రేడియోకు ముసుగు, కుర్చీ వీపుకు తొడుగు, గాజుపళ్ళెం అడుగున రుమాలు, ఉత్తరాలు దోపుకునే గోడ సంచీ, అన్నీ చేతికుట్టువే. మా ఇంట్లో అవన్నీ అత్త చేతివే. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి కిటికీ దగ్గర కూర్చుని, పెదవులు కదుపుతూ గళ్ళు లెక్కపెడుతుండేది.

నా చెల్లెలి పెళ్ళి కుదిరిననాడే అత్త అడ్డుతెర మొదలుపెట్టింది. ముహూర్తం దాకా పెళ్ళికొడుకు ఒకవైపు, పెళ్ళికూతురు ఒకవైపు కూర్చుంటే మధ్యన పట్టే తెరకు వెనక వైపంటూ ఉండదు. ఏ వైపు ముళ్ళు కనిపించినా ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. అందుకని ఆమె రెండు గుడ్డల మీద రెండు చిలకల జంటలు కుట్టి, వెన్నుకు వెన్ను ఆనించి, అంచులు లోపలికి మడిచి, ముళ్ళన్నీ మధ్యలో దాగిపోయేలా కుట్టేసింది. ఐదు నెలలు పట్టింది. తన పెళ్ళిలో పట్టింది పాత పంచె అని, అది ఒకసారి చేతిలోంచి జారిపడితే అందరూ నవ్వారని, ఆ నెలల్లోనే ఒకనాడు నాతో చెప్పింది. పోయిన మనిషి ప్రస్తావన ఆమె నోట నేను విన్నది ఆ ఒక్కసారే.

పెళ్ళికి వారం ముందు ఆ తెరను చూసి నానమ్మ కూలబడింది. నానమ్మంటే అత్తను కన్నతల్లే.

"దాని చేతిది ముహూర్తంల పెడ్తర్రా? నా కడుపున పుట్టిందే గని, లోకం ఊకుంటదా? పిల్లగాని తల్లికి తెలిస్తే పీటల మీదికెల్లి కొడుకును లేపుకపోతది!"

అప్పటికి నేను సాయంత్రాలు సభల్లో మాట్లాడేవాణ్ణి. వితంతువును అశుభమనే సమాజానికి సిగ్గు లేదని ఉప్పల్‌లో బల్ల గుద్ది చెప్పి పట్టుమని పదిహేను రోజులు కాలేదు. భర్త జ్వరంతో పోతే భార్య చేతికి ఏ దోషం అంటుకుంటుందో చూపమని పురోహితులను సవాలు చేసినవాణ్ణి. ఆ మాట ఇంట్లో అనవలసిన రోజు వచ్చింది. నేను అన్నది ఇది.

"కోఠిల కొన్నమని చెప్దాం నానమ్మా. ఎవరు కుట్టిన్రో గుడ్డ మీద రాసుంటదా?"

నానమ్మ శాంతించింది. తెర పందిట్లోకి వస్తుంది, మూఢనమ్మకం ఓడిపోయింది, ఎంత తెలివిగా గెలిచానని లోలోపల పొంగిపోయాను. అత్త మాత్రం తెరను ఇస్త్రీ చేసి మడత పెడుతూ ఒక్క మాట అడిగింది.

"మరి నేను యాడ ఉండాలె బిడ్డా?"

"వంటింట్లనే ఉండత్తా, జరసేపే" అన్నాను.

పొద్దున తొమ్మిదింటి ముహూర్తానికి తెర పట్టారు. పందిరంతా మెచ్చుకుంది. పెళ్ళికొడుకు తల్లయితే అంచు చేత్తో తడిమి, "గింత సాఫుగ ఎట్ల కుట్టిన్రో! యాడ దొరికింది నాయనా?" అంది. "కోఠిల" అన్నాను. ఆ మాట వంటింటి గుమ్మం దాకా వినిపించేంత గట్టిగానే అన్నాను. తెర చెల్లెలితో అత్తవారింటికి పోయింది.

ఏడాది తిరక్కుండా చెల్లెలి అత్తగారి రెండో కొడుక్కి సంబంధం కుదిరింది. అలాంటి తెరే ఇంకోటి తెచ్చిపెట్టమని నాకు కబురు పంపింది. ఏం చేయాలో తోచక అత్త దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"ఆ దుకాణం బందయిందని చెప్పు బిడ్డా."

తరవాత ఆమె బతికిన తొమ్మిదేళ్ళలో సూది పట్టగా నేను చూడలేదు. రేడియో ముసుగు చిరిగితే చిరిగినట్టే ఉండిపోయింది.

మేనత్త పోయాక చెల్లెలు ధైర్యం చేసి తన అత్తగారికి నిజం చెప్పిందట. ఆ ముసలావిడ, "అయ్యో, ఆమెనే పిలిచి ఒక కొస పట్టుమంటే నేనేమన్న కాదంటుంటినా? నన్ను గంత పాపపుదాన్ననుకున్నరా?" అందట.

ఆవిడ అప్పట్లో నిజంగానే ఒప్పుకునేదో, కాలం గడిచాక అన్న మాటో నాకు తెలియదు. తెలియకుండా చేసుకున్నది నేనే. పరీక్షించకుండా దేన్నీ నమ్మవద్దని ఊరూరా చెప్పినవాణ్ణి, వియ్యపురాలు ఒప్పుకోదన్న మాటను మాత్రం ఆమెను ఒక్క ముక్క అడగకుండా నమ్మాను. నానమ్మది భయం. నాకు ఆ పేరు కూడా చెల్లదు, నేను దాన్ని యుక్తి అనుకున్నాను.

ఇవాళ అడ్డుతెరలు మిషను కుట్టుతో, వధూవరుల పేర్లతో ఉప్పల్ దుకాణాల్లో వరసగా వేలాడుతున్నాయి. ఈ మధ్య ఒక పెళ్ళిలో తెర ఒక కొసను పెళ్ళికూతురి తల్లి పట్టుకుంది. ఆమె భర్త పోయి ఏడాది కూడా కాలేదని పక్కాయన చెప్పాడు. ఎవరూ గుసగుసలాడలేదు, పురోహితుడు మంత్రం ఆపలేదు. ఎవరి ఫోనులో వాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు. ఇది మీలాంటివాళ్ళ పోరాట ఫలితమే కదండీ అని పక్కాయన నా చేయి నొక్కాడు. ఒక కొస పట్టుకోమనడం ఇంత తేలికైన పనా అనుకుంటూ, భోజనాల పంక్తి లేచిపోతున్నా కుర్చీలోనే ఉండిపోయాను.